చిత్తు కాగితంతో క్రిస్మస్ కార్డు: గుజ్జు పట్టాలా, శుభలేఖ కత్తిరించాలా?

జమ్మలమడుగులో ఉండే మా పెద్దమ్మకు కొన్నేళ్ల కిందట నేనే చేసిన క్రిస్మస్ కార్డు పట్టుకెళ్లాను. పాత నోటుపుస్తకాలు నానబెట్టి, గుజ్జు చేసి, ఆ గుజ్జుతో కాగితం తీసి, దాన్ని మడిచి చేసిన కార్డు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది, అంచులు వేళ్లతో తడిమింది, "పత్తి మాదిరి మెత్తగుంది" అని మురిసిపోయింది. తర్వాత తెరిచి, కళ్లద్దాలు సర్దుకుని, "ఏం రాసినావు పాపా? అంతా అలుక్కపోయింది" అంది. ఇంకు పెన్నుతో గుండ్రంగా రాసిన నాలుగు వాక్యాలనూ కాగితం పీల్చేసుకుంది. నీలం మరకలు మాత్రం మిగిలాయి. కార్డు చేరింది గానీ నేను చెప్పాలనుకున్న మాట చేరలేదు.

అప్పటి నుంచి ఎవరు అడిగినా ఇదే చెబుతున్నాను. పాత కాగితంతో కార్డు చేసే పద్ధతులు చాలా ఉన్నాయి, అన్నీ ముచ్చటైనవే. మీరు రాసిన అక్షరం ఏ కాగితం మీద నిలుస్తుందో చూసుకుని పద్ధతి ఎంచుకోండి. అందం తర్వాతి సంగతి.

నిజానికి అచ్చు కార్డు పుట్టిందే రాయడానికి తీరిక లేక. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన, పండుగకు జవాబు రాయాల్సిన ఉత్తరాలు కుప్పపడితే, జాన్ కాల్కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి కార్డులు అచ్చు కొట్టించాడు. ఈ రోజుల్లో అచ్చు మాటలూ రంగుల బొమ్మలూ ఫోనుకు క్షణంలో వచ్చేస్తున్నాయి. అంచేత చేత్తో కార్డు చేసేవాళ్లకు మిగిలింది ఆయన వదిలించుకున్న పనే: మన చేతిరాత.

కడపలో సండే స్కూల్ పిల్లలతో ఏటా కార్డులు చేయిస్తూ, నేను తప్పులు చేసి, దిద్దుకుని తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను. కర్నూలు, అనంతపురం వైపు ఉన్నవాళ్లకూ ఇవే పనికొస్తాయి.

ముందుగా తేల్చుకోవాల్సినవి

ఎన్ని కార్డులు కావాలి? పండుగకు ఇంకా ఎన్ని రోజులుంది? చేసేది ఎవరు, ఆరేళ్ల పిల్లలా, పదో తరగతి వాళ్లా, మీరొక్కరేనా? కార్డు చేతికిస్తారా, పోస్టులో వేస్తారా? మన సీమలో ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి: ఇంట్లో నీళ్లకు కటకటగా ఉందా? ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే వీధిలో ఉంటే గుజ్జు పద్ధతిని మొదటే పక్కన పెట్టేయండి. చెట్టు మిగిలిందని నీళ్లు ఒలకబోసుకుంటే ఏం లాభం?

గుజ్జు కాగితం

అందరికీ మనసు పోయేది దీని మీదే. చేస్తున్నప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం మరే పద్ధతిలోనూ చూడలేదు. నిన్నటిదాకా లెక్కలు చేసుకున్న కాగితం నీళ్లలో కరిగి, జాలి మీద మళ్లీ కాగితమై లేవడం వాళ్లకు పెద్ద వింత. ఓపిక కావాలి, చోటు కావాలి, కనీసం నాలుగైదు రోజులు కావాలి.

ఏ కాగితం వేస్తామన్న దాని మీదే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. బాల్‌పెన్నుతో రాసిన నోటుపుస్తకాల పేజీలు, పాత పరీక్ష పేపర్లు, ఆఫీసుల్లో ఒకవైపే వాడిన తెల్ల కాగితాలు చాలా మంచివి. లేజర్ ప్రింటు తీసిన కాగితం వేస్తే దాని నల్లపొడి నీళ్లలో కరగదు. అది ప్లాస్టిక్ కలిసిన పొడి కాబట్టి నల్ల చుక్కలుగా కాగితంలో ఉండిపోతుంది. కొందరికి ఆ చుక్కలు నచ్చుతాయి, నాకూ కొంచెం నచ్చుతాయి. దినపత్రిక ఒక్కటే వేస్తే బూడిదరంగు కాగితం వస్తుంది, బలమూ తక్కువే. నాలుగు వంతుల్లో ఒక వంతుకు మించి కలపకండి. నిగనిగలాడే పత్రికల కాగితానికి సుద్దలాంటి పూత ఉంటుంది, గుజ్జు పొడిపొడిగా తేలుతుంది. ఏటీఎం చీటీలు, మెషిన్‌లో కొట్టిన బస్సు టికెట్లు అసలే వద్దు. వాటి మీద అక్షరం వేడికి నల్లబడేలా పూసిన రసాయనం ఉంటుంది, పిల్లలు చేతులు పెట్టే నీళ్లలో అది కలవకూడదు. టీ కప్పుల లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, అవీ వద్దు.

ఎంత కాగితం కావాలో లెక్క వేసుకోండి. మామూలు జిరాక్స్ కాగితం చదరపు మీటరుకు 80 గ్రాములు తూగుతుంది. ఏ4 సైజు కాగితాలు 16 కలిస్తే ఒక చదరపు మీటరు. అంటే ఒక్కో కాగితం 5 గ్రాములు. ఏ4లో సగం సైజు కాగితాన్ని మడిచి కార్డు చేస్తే, అది చదరపు మీటరుకు 200 గ్రాముల దళసరిలో ఉండాలంటే 6 గ్రాముల పైచిలుకు గుజ్జు పడుతుంది. 30 కార్డులకు 190 గ్రాములన్నమాట. చిరిగినవీ పాడైనవీ కలుపుకుని 45 కాగితాలు నానబెట్టుకుంటే సరిపోతుంది. నోటుపుస్తకం కాగితం పలచన, అది వాడితే ఇంకో పదిహేను ఎక్కువ వేసుకోండి.

కాగితాన్ని బొటనవేలి గోరంత ముక్కలుగా చించి రాత్రంతా నానబెట్టాలి. మర్నాడు ఒక గుప్పెడు ముక్కలకు ముప్పావు జార్ నీళ్లు పోసి మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. ఆపకుండా తిప్పితే మోటారు వేడెక్కుతుంది. వంటకు వాడే జార్ మాత్రం వద్దు. మూత పోయిన పాత జార్ ఉంటే దాన్ని ఈ పనికే పెట్టేయండి, మూతకు బదులు స్టీలు పళ్లెం గట్టిగా అదిమి పట్టుకోవచ్చు. పాడైన ఫోటో ఫ్రేములు ఒకే సైజువి రెండు తీసుకుని, ఒకదానికి నైలాన్ దోమజాలి బిగుతుగా లాగి కొట్టాలి. రెండోది ఖాళీగా దాని మీద కూర్చుంటుంది, కాగితానికి అంచు కట్టేది అదే. గుజ్జు కలిపిన నీళ్ల టబ్బులో రెండు ఫ్రేముల్నీ కలిపి పట్టుకుని నిలువుగా ముంచి, అడుగున అడ్డంగా తిప్పి, నేరుగా పైకి లేపాలి. నీళ్లు కారుతుండగా కొద్దిగా కుదిపితే గుజ్జు సమంగా సర్దుకుంటుంది. పై ఫ్రేము తీసేసి, జాలిని పాత లుంగీ గుడ్డ మీద బోర్లించి, వెనక నుంచి స్పాంజితో ఒత్తితే కాగితం గుడ్డకు అంటుకుంటుంది. అలా గుడ్డ మీద గుడ్డ పేర్చి, పైన చెక్కపలక వేసి, రోలో పొత్రమో బరువు పెట్టి గంటసేపు వదిలేయండి.

ఆరబెట్టడం నీడలోనే. ఎండలో వేస్తే అంచులు అప్పడంలా ముడుచుకుపోతాయి. నున్నగా కావాలనుకుంటే తడి కాగితాన్ని కిటికీ అద్దానికి అతికించండి, ఆరాక అద్దం వైపు ముఖం నున్నగా వస్తుంది. అనంతపురం, కర్నూలు గాలికి ఒకటిన్నర రోజులో ఆరిపోతుంది. మా కడప వైపు మాత్రం ఆకాశం చూసుకోవాలి. ఈశాన్య రుతుపవనాల కాలం కాబట్టి డిసెంబరు మొదట్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మూడు రోజులైనా చెమ్మ పోదు, కాగితానికి బూజు వాసన వచ్చేస్తుంది. అందుకే ఈ పని నేను నవంబరులో తెరిపి ఉన్న వారంలోనే మొదలుపెడతాను.

ఇక పెద్దమ్మ కార్డు ఎందుకు అలుక్కుపోయిందో చెప్పాలి. కొట్టులో దొరికే కాగితానికి తయారీలోనే ఇంకు పీల్చకుండా పదార్థం కలుపుతారు. మనం నానబెట్టి రుబ్బి కడిగితే ఆ గుణం చాలావరకు పోతుంది, మిగిలేది అద్దుడు కాగితమే. దీనికి మందు మన వంటింట్లోనే ఉంది, గంజి. పలచని అన్నం గంజిని గుడ్డలో వడగట్టి, కాగితం పూర్తిగా ఆరాక వెడల్పాటి బ్రష్‌తో రెండువైపులా ఒక పూత వేసి, మళ్లీ ఆరబెట్టి, మీద గుడ్డ వేసి ఇస్త్రీ చేయాలి. ఆ తర్వాత నున్నటి గవ్వతోనో స్టీలు గ్లాసు అడుగుతోనో గట్టిగా రుద్దితే రాసే చోటు మెరుగుపడుతుంది. పూర్వం మన దేశంలో కాగితం పని చేసేవాళ్లు రాళ్లతో, గవ్వలతో మెరుగు పెట్టేవారు. గంజి పులవకముందే వాడేయాలి. గోడ పోస్టర్ల బంకలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారని ఎవరైనా చెబితే వినకండి, అది విషం, పిల్లలున్న చోట ఉండకూడదు. గంజి పెట్టినా సరే ఇంకు పెన్ను, జెల్ పెన్ను జోలికి పోకుండా బాల్‌పెన్నుతో రాయండి. బాల్‌పెన్ను ఇంకు చిక్కగా ఉంటుంది, పాకదు.

రంగు కోసం అందరూ ముందు పసుపు డబ్బా తీస్తారు. పసుపు వేస్తే ఆ రోజుకు కళ్లు చెదిరేలా ఉంటుంది, వెలుతురు తగిలే కొద్దీ వెలిసిపోతుంది. పైగా సబ్బునీళ్లో సున్నమో తగిలితే ఎర్రబడుతుంది, కుంకుమ చేసే కిటుకు అదే కదా. నేను ఉల్లిపొట్టు వాడతాను. కర్నూలు ఉల్లి మార్కెట్ ఉన్న సీమలో ఉల్లిపొట్టుకు కరువేముంది? పొట్టును పావుగంట ఉడకబెట్టి, ఆ నీళ్లు గుజ్జులో కలిపితే లేత బెల్లం రంగు వస్తుంది. ఉడికిన పొట్టును సన్నగా తరిగి నాలుగు రేకులు వేస్తే కాగితంలో రాగి రేకులు పొదిగినట్టుంటుంది. బంతిపూల రెక్కలు పచ్చివి వేయకండి, నల్లబడతాయి. ఎండినవైతే బాగుంటాయి. మందార రెక్కలు ఊదా మరక వదులుతాయి. ఆదోని వైపు వాళ్లు పత్తి కలపొచ్చా అని అడుగుతుంటారు. కలపొచ్చు, కాగితానికి బలం వస్తుంది. సెంటీమీటరుకు మించని ముక్కలుగా కత్తిరించి, చేత్తోనే కలపండి. పొడవు పోగులు మిక్సీ బ్లేడుకు చుట్టుకుపోతాయి.

మా ఇంట్లో 30 కాగితాలకు రెండు పెద్ద బకెట్ల నీళ్లు పట్టాయి. ఆ టబ్బు నీళ్లనే మళ్లీ మళ్లీ వాడుకున్నాం, చివరకు గుడ్డలో వడగట్టి మొక్కలకు పోశాం. సింకులో పోస్తే గుజ్జు గొట్టంలో అట్టకట్టి మంచినీళ్ల పని కాస్తా మురుగు పనవుతుంది.

శుభలేఖలు, చొక్కా అట్టలు

తెలుగు ఇంట్లో బీరువా పైన శుభలేఖల కట్ట ఉండకుండా ఉండదు. పెళ్లి అయిపోయినా పారేయబుద్ధి కాదు, దాచుకుని చేసేదీ ఉండదు. కార్డుకు కావాల్సిన దళసరి, నిటారుతనం వాటికి ముందే ఉన్నాయి. నీళ్లు అక్కర్లేదు, ఆరబెట్టే పని లేదు, ఒక సాయంత్రం కూర్చుంటే ఇరవై కార్డులు తేలిపోతాయి. యాభైకి పైగా కార్డులు కావాలన్నా, పండుగ వారం రోజుల్లోకి వచ్చేసిందన్నా నేను చెప్పేది ఇదే.

ఒక మర్యాద పాటించాలి. శుభలేఖల మీద వినాయకుడో వేంకటేశ్వరస్వామో ఉంటారు. ఆ బొమ్మ మీద కత్తెర పెట్టడం ఇచ్చినవాళ్ల మనసుకు కష్టం, మనకూ తగని పని. పసుపు పూసిన మూలలూ అంతే. బొమ్మ ఉన్న భాగాన్ని ముందే వేరుచేసి, ఇంట్లోవాళ్లకు తిరిగి ఇచ్చేయండి. లోపలి ఖాళీ పేజీ, వెనక అట్ట, కవరు మాత్రం తీసుకోండి. మా పక్కింటివాళ్లు అడగకుండానే ఇప్పుడు ఆ భాగాలు విడదీసి మరీ ఇస్తున్నారు. చర్చి పెళ్లిళ్ల కార్డులైతే గంటలు, పావురాలు ఉంటాయి, అవి నేరుగా పండుగ కార్డు మీదికి ఎక్కుతాయి.

ఇక్కడా అక్షరం చిక్కే. గుజ్జు కాగితం ఇంకును తాగేస్తే, మెరుపు అట్ట ఇంకును అంటనివ్వదు. జెల్ పెన్నుతో రాస్తే చేయి తగిలి అలుముకుంటుంది. నోటుపుస్తకంలోని రాయని పేజీని లోపల ఒక్క అంచుకే బంక రాసి అతికించండి. మొత్తం బంక పూస్తే ముడతలు పడతాయి. పిల్లల పుస్తకాల్లో సంవత్సరం చివర రాయకుండా మిగిలిన పేజీలు ఎన్నో ఉంటాయి, అవన్నీ ఇందుకు దాచండి.

మెరుపు నచ్చనివాళ్లకు ఇంకో అట్ట ఉంది. కొత్త చొక్కా మడతలో నిలబడటానికి పెట్టే అట్ట. పండుగకు అందరూ బట్టలు కొనేది డిసెంబరులోనే కాబట్టి సరిగ్గా అప్పుడే ఇంటికొస్తుంది. కడప వై.వి. స్ట్రీట్ బట్టల కొట్లలో చొక్కాలు విప్పి చూపించాక ఆ అట్టలు పోగుపడతాయి, అడిగితే ఇస్తారు. ఒకవైపు తెలుపు, ఇంకోవైపు బూడిద రంగు. బూడిద వైపు ఏ పెన్నయినా చక్కగా పడుతుంది. అగ్గిపెట్టెల, టూత్‌పేస్టు డబ్బాల అట్ట కూడా అలాంటిదే. మడత పెట్టేముందు అట్టను రెండు దిక్కులా కొద్దిగా వంచి చూడండి. ఏ దిక్కుకు సులువుగా వంగుతుందో ఆ దిక్కునే మడవాలి, లేకపోతే మడత మీద పగుళ్లొస్తాయి. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి గీత నొక్కి, ఆ గీత మీద మడిస్తే గీసినట్టుగా ఉంటుంది. అలలు అలలుగా ఉండే పార్సిల్ డబ్బా అట్ట మాత్రం కార్డుకు పనికిరాదు, మడతలో నలిగిపోతుంది.

పాత క్యాలెండరు, దినపత్రిక

ఆరేడేళ్ల పిల్లలుంటే వేరే ఆలోచనే వద్దు, ఇదే చేయించండి. దినపత్రికను సన్నని పట్టీలుగా చించి, కింద పొడవుది, పైకి పోయేకొద్దీ పొట్టిది అంటించుకుంటూ పోతే క్రిస్మస్ చెట్టు అయిపోతుంది. చేత్తో చించిన అంచే బాగుంటుంది, చిన్నపిల్లలకు కత్తెర ఇవ్వనక్కర్లేదు. తెలుగు అక్షరాల గుండ్రాలు దూరం నుంచి ఆకుల్లా కనిపిస్తాయి. ఆ పట్టీల్లో ఏ వార్త పడిందో ఒక్కసారి చదివి చూడండి. ప్రమాదమో మరణవార్తో పండుగ కార్డు మీద ఎవరికంటైనా పడితే బాధగా ఉంటుంది. నేను క్లాసిఫైడ్ ప్రకటనల పేజీ, ఆటల పేజీ ఇస్తాను. బంకకు మైదా చాలు, ముద్ద కట్టకుండా ఉడికించి పలచగా పూయాలి.

దినపత్రిక కాగితం ఏడాదిలోనే పసుపెక్కుతుంది. చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థాన్ని తీసేయకుండా చేసే కాగితం కాబట్టి వెలుతురుకు అలా మారుతుంది. నాలుగు కాలాలు దాచుకోవాలనుకునే కార్డుకు ఇది తగదు. క్యాలెండరు కాగితం నయం.

క్యాలెండరు విషయంలో నాకు చాలా ఇష్టమైన పని ఒకటుంది. పాత డిసెంబరు పేజీల్లో 25 ఎర్ర అంకెలో ఉంటుంది, సెలవు కాబట్టి. పెద్ద అంకెల క్యాలెండరైతే ఆ ఎర్ర 25ను తిథి, నక్షత్రం గడితో సహా కత్తిరించి, చొక్కా అట్ట మీద మధ్యలో అంటించండి. ఇంకేమీ వేయొద్దు. అంత పొందికైన కార్డు నేను ఏ కొట్టులోనూ చూడలేదు. ఒక క్యాలెండరుకు ఒక్క 25 మాత్రమే దొరుకుతుంది, అందుకే జనవరిలో అందరూ పాతవి తీసేసేటప్పుడు వీధంతా తిరిగి అడిగి పెట్టుకోవాలి. క్యాలెండరు వెనకవైపు తెల్లగా ఉంటే కవర్లకు అంతకు మించింది లేదు. బైబిల్ వచనం అచ్చు వేసిన వాగ్దాన కార్డులు మన చర్చి ఇళ్లలో ప్రతి అల్మారాలోనూ ఉంటాయి. వాటిని మాత్రం నేను వాడను. డిసెంబరు 31 రాత్రి ప్రార్థనలో తీసుకున్న ఆ వచనాన్ని ఒక్కో ఇంట్లో ఏళ్ల తరబడి బైబిల్లో దాచుకుంటారు.

కొన్న చేతికాగితం, విత్తనాల కాగితం

జైపూర్ దగ్గర సాంగానేర్‌లోనూ పుదుచ్చేరి అరవిందాశ్రమం వాళ్ల కర్మాగారంలోనూ చేత్తో కాగితం చేస్తారు. మన దేశంలో చేతికాగితానికి ఎక్కువగా వాడేది బనియన్ల కంపెనీల్లో మిగిలే నూలు గుడ్డ పేలికలు, కాబట్టి కొత్తగా చెట్టు కొట్టే పని లేదు. సాపుగా ఉంటుంది, ఇంకు నిలుస్తుంది, గంజి బెడద లేదు. చర్చి తరఫున కార్డులు చేసి అమ్మి, ఆ డబ్బు దేనికైనా ఇవ్వాలనుకుంటే ఇదే తీసుకోండి, కొనేవాళ్లకు అన్నీ ఒకేలా ఉండాలి. మీ ఇంటి చిత్తు కాగితం అలాగే మిగిలిపోతుంది, అదొక్కటే వెలితి.

విత్తనాల కాగితం గురించి ఈమధ్య బాగా అడుగుతున్నారు. గుజ్జులో తోటకూర లాంటి సన్నని విత్తనాలు చల్లి కాగితం తీస్తారు, చదివాక మట్టిలో పాతుకోవచ్చు. మిక్సీ తిప్పాకే విత్తనాలు కలపాలి, ఒక్క రోజులో ఆరిపోవాలి. తడి నిలిస్తే కాగితంలోనే మొలకలొస్తాయి. సబ్జా గింజలు తడికి జిగురు కడతాయి, వాటిని వేయకండి. ఇంతా చేసి పాతేయాల్సిన కాగితం మీద మనసులో మాట రాయాలని నాకు అనిపించదు. కార్డుతోపాటు చిన్న ముక్కగా ఇవ్వడానికి బాగుంటుంది.

పోస్టులో వేసేవాళ్లకు

ఉత్తరానికి తపాలా లెక్క మొదటి మెట్టు 20 గ్రాములు. చదరపు మీటరుకు 300 గ్రాముల అట్టతో ఏ4లో సగం సైజు కార్డు చేస్తే 9 గ్రాముల పైన తూగుతుంది. ఏ4 కాగితంతో చేసిన కవరు 5 గ్రాములు. బంక, లోపలి పేజీ, అంటించిన నక్షత్రం కలిపినా 20 లోపే ఉంటుంది. పూసలు, అద్దాలు, మందపాటి రిబ్బను ఎక్కించారంటే దాటిపోతుంది, పైగా ముద్ర కొట్టేటప్పుడు ఆ ఉబ్బెత్తు చోటే చిరుగుతుంది. చేతికిచ్చే కార్డు మీద ఎన్ని సోకులైనా చేయండి, పోస్టులో వేసే కార్డు మాత్రం పలకలా చదునుగా ఉండాలి. కవరు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పుకు తగ్గకూడదు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కాబట్టి తప్పకుండా చేరాలనుకున్నదాన్ని స్పీడ్ పోస్టులోనే పంపాలి. నేను డిసెంబరు 10 లోపు వేసేస్తాను.

కడప జిల్లా నుంచి కువైట్‌కు పనికి వెళ్లినవాళ్లు ఎందరో. మా సండే స్కూల్లో ఒక పాప తల్లి అక్కడ ఇంటిపనిలో ఉంది. కిందటేడు ఆ పాప అమ్మకు కార్డు పంపాలంది. అందరిలాగే తనూ గుజ్జు కాగితమే చేస్తానని పట్టుబట్టింది. విదేశీ ఉత్తరానికి కూడా మొదటి మెట్టు 20 గ్రాములే కాబట్టి పలచని కాగితం ఒక్కటి తీయించాను. ఉల్లిపొట్టు రంగు, గంజి పూత, గవ్వతో మెరుగు. మడత లేదు, ఒకవైపు నక్షత్రం, ఇంకోవైపు ఉత్తరం. విత్తనాలు వేద్దామంటే వద్దన్నాను, మొక్కలకూ విత్తనాలకూ దేశం దాటేచోట నిబంధనలు ఉంటాయి, ఆ కారణంతో కవరు ఆగిపోతే ఆ పాపకు ఏం చెప్పను? లూకా సువార్త రెండో అధ్యాయం 14వ వచనం పైన రాసి, కింద తన మార్కులు, చెల్లెలికి కొత్త పళ్లు రావడం, జేజికి మోకాలి నొప్పి తగ్గడం, అన్నీ బాల్‌పెన్నుతో నిండుగా రాసింది. తల్లి ఫోను చేసి ఆ కాగితాన్ని కెమెరా ముందు పెట్టి మొదటి నుంచి చివరిదాకా పైకి చదివింది. ఒక్క అక్షరం కూడా అలుక్కుపోలేదు.

నేనైతే ఇలా తేలుస్తాను

పదికి లోపు కార్డులు, పదిహేను రోజుల వ్యవధి, నీళ్లకు లోటు లేని ఇల్లు, పదేళ్లు దాటిన పిల్లలు: గుజ్జు పట్టండి, కాకపోతే గంజి మానకండి. ఇరవై నుంచి వంద దాకా కావాలంటే శుభలేఖ, చొక్కా అట్టలే. పసిపిల్లలైతే దినపత్రిక చెట్టు. అమ్మకానికైతే కొన్న చేతికాగితం. కంటిచూపు మందగించిన పెద్దవాళ్లకు ఇచ్చేదాన్ని మాత్రం ఏ పద్ధతిలో చేసినా లోపల తెల్లకాగితం అంటించి, నల్ల మార్కరుతో పెద్ద అక్షరాల్లో రాయండి.

రెండూ కలిపి చేసే దారి ఒకటుంది, ఇప్పుడు నేను ఎక్కువగా చేసేది అదే. అరచేతిలో సగం ఉండే చిన్న ఫ్రేముతో గుజ్జు కాగితం ముక్కలు తీస్తాం. అర బకెట్ నీళ్లతో నలభై ముక్కలు వస్తాయి, చిన్నవి కాబట్టి త్వరగా ఆరతాయి, గంజి అక్కర్లేదు. వాటిని నక్షత్రంగానో పశువుల తొట్టిగానో చింపి చొక్కా అట్ట మీద అంటిస్తాం. చింపిన అంచు నూగుగా, ఉన్ని మాదిరి ఉంటుంది, గొర్రెపిల్ల బొమ్మకైతే ఇంకేమీ చేయనవసరం లేదు. రాయడానికి లోపల నోటుపుస్తకం పేజీ. నిరుడు పెద్దమ్మకు ఇచ్చింది ఇలాంటిదే, నా ఎదురుగానే చదివి బైబిల్లో పెట్టుకుంది.

టబ్బులో మిగిలిన గుజ్జును గుడ్డలో వేసి గట్టిగా పిండి, నిమ్మకాయంత ముద్దలు చేసి ఎండలో బాగా ఎండబెట్టండి. డబ్బాలో పోసి మూత పెడితే వచ్చే నవంబరు దాకా చెడదు. అప్పుడు మళ్లీ రాత్రంతా నానబెట్టి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే చాలు. ఏ రంగు ముద్దలు ఆ డబ్బాలో వేరుగా ఉంచండి.